రీ-రికార్డింగ్ మొదలు ఫైనల్ మిక్స్ దాకా: మొదటి సినిమా చేస్తున్న సంగీత దర్శకులకు స్టూడియో మార్గదర్శి

పాటలు చేయడం ఒక పని, రీ-రికార్డింగ్ (ఆర్ఆర్, అంటే సీన్ల వెనక మోగే నేపథ్య సంగీతం) చేయడం పూర్తిగా ఇంకో పని. పాటకి ట్యూన్ కుదిరితే మిగతావి కొంచెం అటూ ఇటూ అయినా జనం వినేస్తారు. ఆర్ఆర్‌లో అలా కుదరదు, ఎందుకంటే అక్కడ మీ సంగీతం డైలాగుతో, వర్షంతో, బుల్లెట్ బండి చప్పుడుతో కలిసి అవే స్పీకర్లలోంచి రావాలి. పైగా మన దగ్గర అది ఎప్పుడూ చివర్లోనే వస్తుంది. షూటింగ్ ఆలస్యమవుతుంది, సీజీ ఆలస్యమవుతుంది, రిలీజ్ డేట్ మాత్రం కదలదు, తగ్గిన రోజులన్నీ సంగీత దర్శకుడి లెక్కలోంచే పోతాయి.

షార్ట్ ఫిల్ములు, కొన్ని పాటలు చేసి ఇప్పుడు మొదటి పెద్ద సినిమా చేతికొచ్చిన వాళ్లని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఇంట్లో ఒక గది, ఒక కంప్యూటర్, రెండు మూడు మంచి మైకులు, అవసరమైనప్పుడు బయట స్టూడియో అద్దెకి తీసుకునేంత బడ్జెట్ ఉన్నాయనుకుందాం. నేను మళ్లీ మళ్లీ చెప్పబోయేది ఒకటే: ఏ మెట్టు దగ్గరున్నా, మీ తర్వాత ఆ ఫైలు ముట్టుకునే మనిషికి పని సులువయ్యేలా చేయండి. ఆ మనిషి వీణ వాయించే ఆవిడ కావచ్చు, మీ ఇంజినీరు కావచ్చు, ఫైనల్ మిక్స్‌లో ఫేడర్ల ముందు కూర్చునే వ్యక్తి కావచ్చు.

1. ఎడిటింగ్ రూమ్ నుంచి ఏం తెచ్చుకోవాలి

పిక్చర్ లాక్ అయిందో లేదో, అంటే ఎడిటింగ్ ఇక మారదో లేదో ముందు తేల్చుకోండి. "దాదాపు లాక్ అయినట్టే" అని ఎడిటర్ అన్నారంటే కాలేదనే లెక్క వేసుకుని, మారే అవకాశం ఉన్న సీన్లేవో ఆయన్నే అడిగి రాసుకోండి, వాటిని చివరికి పెట్టుకోవచ్చు. ఫిలిం పోయి చాలా కాలమైనా పని ఇప్పటికీ ఎక్కువగా రీళ్ల లెక్కనే నడుస్తుంది, ఒక్కో రీలు సుమారు 20 నిమిషాలు. రీలుకో వీడియో ఫైలు అడగండి. తెర మీద ఒక మూల టైమ్‌కోడ్ (గంటలు, నిమిషాలు, సెకన్లు, ఫ్రేములు చూపే అంకె) కనబడాలి. డైలాగు ఎడమ ఛానెల్లో, టెంప్ మ్యూజిక్ (ఎడిటింగ్‌లో తాత్కాలికంగా పెట్టిన సంగీతం) కుడి ఛానెల్లో ఉండాలి, అప్పుడే టెంప్‌ని మ్యూట్ చేసి మాటలు మాత్రమే వింటూ పని చేసుకోగలరు. బొమ్మ మొదలవడానికి సరిగ్గా రెండు సెకన్ల ముందు ఒక్క ఫ్రేమ్ పొడవున్న బీప్ ఉండాలి, దీన్నే టూ-పాప్ అంటారు. మొదటి రీలు 01:00:00:00 దగ్గర మొదలైతే ఆ బీప్ 00:59:58:00 దగ్గర ఉంటుంది. రేపు మీ సంగీతం, ఎఫెక్ట్స్ వాళ్ల పని, డబ్బింగ్ అన్నీ ఒకచోట చేరినప్పుడు ఎవరి ఫైలు జరిగిందో చెప్పే సాక్ష్యం ఆ చిన్న బీపే.

ఫ్రేమ్ రేట్ మాత్రం నోటిమాటతో నమ్మొద్దు. సినిమా 24లో ఉండి, మీకొచ్చిన ఫైలు 23.976లో ఎగుమతయితే తేడా వెయ్యిలో ఒక వంతే, కానీ 20 నిమిషాల రీలు చివరికొచ్చేసరికి అది 1.2 సెకన్లు అవుతుంది. మొదట్లో అంతా సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఫైలు తెరవగానే రీలు చివరికి వెళ్లి, తెర మీది టైమ్‌కోడూ మీ సాఫ్ట్‌వేర్ చూపించే టైమ్‌కోడూ ఒకటేనా కాదా చూడండి. రెండు నిమిషాల పని, తర్వాత రెండు రాత్రులు మిగులుతాయి.

2. సెషన్ సిద్ధం చేసుకోవడం

48 కిలోహెర్ట్జ్, 24 బిట్. సినిమాకి ఇదే, 44.1 వద్దు. రీలుకో సెషన్ పెట్టుకోవడం నాకు ఇష్టం, ఎందుకంటే ఒక సెషన్ పాడైనా సినిమా మొత్తం పోదు. క్యూ అంటే ఒక చోట మొదలై ఒక చోట ఆగే సంగీతపు ముక్క, ప్రతి క్యూకీ రీలు నంబరుతో పేరు పెట్టండి: 3ఎం2 అంటే మూడో రీలులో రెండో క్యూ. దాని పక్కన వెర్షన్ నంబరు, తేదీ. "ఫైనల్", "ఫైనల్ న్యూ", "ఫైనల్ లాస్ట్" అనే పేర్లు మీ కంప్యూటర్లో ఎక్కడా కనిపించకూడదు.

ఇంకో ముఖ్యమైన సంగతి రూటింగ్, అంటే ఏ ట్రాకు ఏ గుంపులోకి వెళ్లాలో పెట్టుకోవడం. చివర్లో స్టెమ్స్ (వాద్యాల గుంపుకో ఆడియో ఫైలు) ఇవ్వాలని తెలుసు కదా, ఆ గుంపులు మొదటి రోజే పెట్టేయండి: పెద్ద తాళవాద్యాలు, చిన్న తాళవాద్యాలు, తీగవాద్యాలు, బ్రాస్, సోలో వాద్యం, ప్యాడ్లూ సింథ్‌లూ, గొంతులు, అడుగున మోగే బూమ్‌లు. గుంపుకో రివర్బ్ (గది ప్రతిధ్వని ఇచ్చే ఎఫెక్ట్) విడిగా ఉండాలి. అందరికీ కలిపి ఒకే రివర్బ్ పెడితే కంప్యూటర్ మీద బరువు తగ్గుతుంది నిజమే, కానీ స్టెమ్స్ విడదీసే రోజున వేణువు తోక తీసుకెళ్లి డప్పు స్టెమ్‌లో పడుతుంది.

మనుషులు వాయిస్తున్నప్పుడు బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో పట్టుకునే శాంపిళ్లు) 64 లేదా 128 దగ్గర ఉంచండి. 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిళ్లంటే 2.7 మిల్లీసెకన్ల లోపే. అదే 1024 దగ్గర వదిలేస్తే ఒక్క వైపుకే 21 మిల్లీసెకన్లు దాటుతుంది, మృదంగం వాయించే ఆయనకి తన దెబ్బ తనకే ఆలస్యంగా వినిపించి చెయ్యి తడబడుతుంది, తప్పు ఆయనదనుకుని మీరు ఇంకో టేక్ అడుగుతారు.

3. దర్శకుడితో కూర్చుని క్యూలు తేల్చుకోవడం

సినిమా మొత్తం ఒకసారి మ్యూజిక్ లేకుండా దర్శకుడి పక్కన కూర్చుని చూడండి. ప్రతి క్యూకీ మూడు విషయాలు రాసుకోండి: ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి, ఆ సీన్లో మనం ఎవరి వైపున్నాం. మూడోది అడగడం చాలామంది మర్చిపోతారు. తండ్రీ కొడుకూ గొడవ పడుతుంటే సంగీతం తండ్రి బాధ చెప్పాలా, కొడుకు కోపం చెప్పాలా, గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న తల్లి గురించి చెప్పాలా అన్నది తేలకుండా కీబోర్డు ముట్టుకుంటే మూడు వెర్షన్లు చేయాల్సి వస్తుంది.

సంగీతం అక్కర్లేని చోట్లు కూడా అప్పుడే గుర్తు పెట్టండి. ఇంటర్వెల్ బ్లాక్ పేలాలంటే దాని ముందు ముప్పై నలభై సెకన్లైనా ఖాళీ ఉండాలి. అక్కడ కూడా సన్నగా ఏదో ఒక డ్రోన్ నడిపిస్తే చెవి అప్పటికే అలసిపోయి ఉంటుంది, ఆ తర్వాత ఎన్ని డప్పులు మోగించినా లాభం లేదు. పాటలోకి వెళ్లే సీన్లుంటే ఆ పాట శ్రుతి ఏంటో పక్కనే రాసుకోండి, ముందున్న క్యూ ఆ శ్రుతికి దగ్గర పడేలా రాస్తే పాట సీన్లోంచే పుట్టినట్టుంటుంది.

4. టెంపో లెక్క

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే, కాబట్టి ఒక సీన్ తీసుకుని లెక్క మొత్తం చేసి చూపిస్తాను.

కొడుకు అటక మీంచి ట్రంకుపెట్టె దించుతాడు. క్యూ మొదలైన 18.5 సెకన్లకి పెట్టె మూత తెరుస్తాడు. 31 సెకన్లకి లోపలున్న ఉత్తరం మీద తండ్రి చేతిరాత కనిపిస్తుంది. ఈ రెండు చోట్లా సంగీతంలో మలుపు పడాలి, అది బార్ మొదటి దెబ్బ మీద పడాలి. మీ మనసులో ఉన్న నడక నిమిషానికి 90 దగ్గర్లో ఉందనుకోండి. సరిగ్గా 90 పెడితే 18.5 సెకన్లకి 27.75 దెబ్బలొస్తాయి, ఏ దెబ్బ మీదా పడదు. కాబట్టి తిరగేయండి: నాకు 28 దెబ్బలు, అంటే నాలుగేసి దెబ్బల బార్లు ఏడు, సరిగ్గా 18.5 సెకన్లలో అయిపోవాలి. 28ని 60తో గుణించి 18.5తో భాగిస్తే 90.81. అదే మీ టెంపో. ఎనిమిదో బార్ మొదటి దెబ్బకి మూత తెరుచుకుంటుంది.

ఇక అక్కడి నుంచి ఉత్తరం దాకా 12.5 సెకన్లు. అదే టెంపోలో వెళ్తే 18.9 దెబ్బలు, దాదాపు 19. రెండు దారులున్నాయి. మొదటిది, నాలుగు బార్లు మామూలుగా నడిపి చివర్లో మూడు దెబ్బల బార్ ఒకటి పెట్టడం. అప్పుడు 19 దెబ్బలకి 12.55 సెకన్లు పడుతుంది, అంటే ఉత్తరం కనబడ్డాక ఒక ఫ్రేమ్ పైచిలుకు ఆలస్యంగా సంగీతం తాకుతుంది. ఆ ఆలస్యం తప్పు కాదు, మంచిది కూడా. కన్ను చూశాక గుండె కదలడానికి కాస్త సమయం కావాలి, బొమ్మ కంటే ముందే సంగీతం తాకితేనే జరగబోయేది ముందే చెప్పేసినట్టు ఉంటుంది. రెండో దారి, మూత తెరిచాక టెంపోని 96కి మార్చడం. అప్పుడు 12.5 సెకన్లలో సరిగ్గా 20 దెబ్బలు, ఐదు బార్లు, లెక్క పూర్తిగా సరిపోతుంది, నడక కూడా కొంచెం బిగుసుకుంటుంది. ఈ సీన్‌కి నేనైతే మొదటి దారే పట్టుకుంటాను. నాలుగు మీద నడుస్తున్నది హఠాత్తుగా మూడు మీద తెగితే ఊపిరి తడబడ్డట్టుంటుంది, అక్కడ కావాల్సింది అదే. ఛేజ్ సీన్ అయితే రెండోది.

ప్రతి కట్‌కీ ఇలా దెబ్బ పెట్టాలని చూడొద్దు. క్యూకి రెండు, మహా అయితే మూడు చోట్లు ఎంచుకోండి, మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి.

5. డైలాగుకి చోటు వదలడం

సగం ఆర్ఆర్‌లు దెబ్బతినేది ఇక్కడ. మాటల్లో హల్లులు స్పష్టంగా వినబడేది దాదాపు 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య, వయొలిన్ మెరుపు, నాదస్వరం పదును, వేణువు గాలి అన్నీ అక్కడే ఉంటాయి. కింద చూస్తే చెల్లో మగ గొంతు తిరిగే చోటే తిరుగుతుంది. మిక్స్‌లో ఈక్యూతో తవ్వి దారి చేద్దాంలే అనుకుంటే వాద్యం పీల అవుతుంది, మాట మాత్రం బయటికి రాదు. అందుకని రాసేటప్పుడే మధ్య చోటు ఖాళీ చేయండి: అడుగున డబుల్ బాస్ ఒక్క స్వరం పట్టుకుని ఉంటుంది, పైన వయొలిన్లు మెత్తగా సాగుతాయి, మధ్యలో మనిషి మాట్లాడతాడు. ట్యూన్ కదలాల్సింది మాటలు ఆగిన చోట.

మన భాషకి సంబంధించిన జాగ్రత్త ఇంకొకటుంది. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది, అవునో కాదో తేలేది కూడా చివరే. "వాణ్ని నేను చంపలేదు" అన్నప్పుడు కథంతా ఆ "లేదు"లో ఉంది, నటుడు సరిగ్గా అక్కడే గొంతు దించుతాడు. టెంప్ మ్యూజిక్‌ని అనుసరిస్తూ వాక్యం సగంలోనే స్ట్రింగ్స్ పెంచుకుంటూ పోతే మింగేది ఆ మాటనే. సెషన్లో ముఖ్యమైన వాక్యాల చివరి అక్షరం దగ్గర మార్కర్ పెట్టుకోండి, పెరుగుదల ఏదైనా ఆ మార్కర్ దాటాకే మొదలవ్వాలి. డబ్బింగ్ ఇంకా కాకపోతే పైలట్ ట్రాక్ (షూటింగ్‌లో రికార్డయిన మాటలు) మీద పెట్టుకున్న మార్కర్లు డబ్బింగ్ ట్రాక్ వచ్చాక మళ్లీ సరిచూసుకోవాలి, చాలాసార్లు నటులు డబ్బింగ్‌లో వాక్యం చివర సాగదీస్తారు.

6. గది

ఇంటి గదిలో మొదట వదిలించుకోవాల్సింది చప్పుడు. ఫ్యాను, ఏసీ, ఫ్రిజ్, ఇన్వర్టర్ ఆపేసి, మైకు పెట్టి, ఒక నిమిషం ఖాళీగా రికార్డు చేసి, వాల్యూమ్ పెంచి వినండి. సన్నని గుయ్ మనే మోత 50 లేదా 100 హెర్ట్జ్ దగ్గర కనిపిస్తే కరెంటు వల్ల వచ్చేది. లాప్‌టాప్ ఛార్జర్ తీసేస్తే పోతుందేమో ముందు చూడండి. పోయిందంటే గ్రౌండ్ లూప్ (ఎర్త్ రెండు దారుల్లో కలవడం), డీఐ బాక్స్ (వాద్యం లైన్‌ని మైకు లైన్‌గా మార్చే చిన్న పెట్టె)లోని గ్రౌండ్ లిఫ్ట్ వాడండి. ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టే పని మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు, వాయించే మనిషి చేతిలో ఇనప తీగలున్నాయి.

కర్టెన్లు, గుడ్ల ట్రేలు పై ఫ్రీక్వెన్సీలని కాస్త తగ్గిస్తాయి తప్ప అడుగున గదంతా తిరిగే గుడగుడని ఏమీ చేయవు. నాలుగంగుళాల రాక్‌వూల్ (రాతి ఉన్ని) పలకలు గుడ్డలో చుట్టి మూలల్లో, స్పీకర్లకి రెండు పక్కల గోడల మీద, తల పైన పెట్టించుకోండి. అన్నిటికంటే తక్కువ ఖర్చులో ఎక్కువ తేడా వచ్చేది దీనితోనే. మైకు మీద పెట్టే డబ్బులో సగం ముందు గది మీద పెట్టండి.

7. మన వాద్యాలు రికార్డు చేయడం

అన్నిటికీ వర్తించే మాట: పెద్ద దెబ్బలు మైనస్ 10 డీబీ దగ్గర ఆగేలా లెవెల్ పెట్టండి. 24 బిట్‌లో కింద కావాల్సినంత చోటుంది, సున్నాకి దగ్గరగా నెట్టాల్సిన అవసరమే లేదు. సౌండ్ చెక్‌లో ఎవరూ పూర్తి బలంతో వాయించరు, టేక్‌లో ఇంకా గట్టిగా కొడతారు, దానికి చోటు ఉండాలి.

వీణ. 24 మెట్లు, వాయించే తీగలు నాలుగు, పక్కన తాళం తీగలు మూడు. చిన్న డయాఫ్రమ్ కండెన్సర్ మైకుని కుడివైపు కుండకి ఒకటి ఒకటిన్నర అడుగుల దూరంలో, గుర్రానికీ పలకకీ మధ్య చూసేలా పెట్టండి. మరీ దగ్గర పెడితే మీటు చప్పుడు తప్ప కుండ పలికేది రాదు. గమకం లాగుతున్నప్పుడు తీగ మెట్టు మీద రాసుకునే చప్పుడు కొందరికి నచ్చదు. నాకు నచ్చుతుంది, అది లేకపోతే శాంపిల్ లైబ్రరీ లాగే వినిపిస్తుంది. మొత్తం కావాలనుకుంటే ఎడమ చేతి వైపు ఇంకో మైకు పెట్టండి, కానీ దాన్ని వేరే ట్రాక్ మీద ఉంచండి. పికప్ ఉన్న వీణ అయితే ఆ లైన్ కూడా తీసుకోండి, ఫైట్ సీన్‌లో పనికొస్తుంది, ఒంటరిగా వినిపించే చోట మాత్రం మైకే వాడండి.

నాదస్వరం, డోలు. రెండింటినీ చిన్న గదిలో కలిపి కూర్చోబెట్టొద్దు. నాదస్వరం శబ్దం చాలా ఎక్కువ, మైకుని ఐదారు అడుగుల దూరంలో, కొంచెం ఎత్తులో, గంటకి (వాద్యం వెడల్పాటి చివరకి) ఎదురుగా కాకుండా పక్కగా తిప్పి పెట్టండి, ఎందుకంటే స్వరం గంటలోంచే కాదు వేళ్ల రంధ్రాల్లోంచి కూడా వస్తుంది. రిబ్బన్ మైకు దొరికితే అదృష్టం, పై పదునుని అదే మెత్తబరుస్తుంది. ఇక శ్రుతి. నాదస్వరం శ్రుతి మీకు కావలసినట్టు మారదు, వాద్యం పొడవుని బట్టి ఉంటుంది. విద్వాంసుడికి ముందే ఫోన్ చేసి "మీ దగ్గర ఏ శ్రుతి వాద్యం ఉంది గురువుగారూ" అని అడిగి, ఆ క్యూ ఆ శ్రుతిలోనే రాయండి. తర్వాత పిచ్ షిఫ్ట్ చేద్దాంలే అంటే పెళ్లి సీన్ కాస్తా కార్టూన్ అవుతుంది.

డప్పు. చర్మం వేడెక్కితేనే బిగుసుకుని మోగుతుంది, ఏసీ గదిలో పది పదిహేను నిమిషాలకే దిగిపోతుంది. ఆరుబయట మంట వేసుకోవడానికి చోటున్న స్టూడియో చూసుకోండి, రెండు టేకులకొకసారి కాచుకోవడానికి సమయం షెడ్యూల్లోనే రాయండి, ఆ విరామాన్ని ఆలస్యం కింద లెక్కేసి కళాకారుల్ని తొందరపెట్టొద్దు. లావు కర్ర అయిన సిర్ర దెబ్బకి లావు, సన్నని సిటికెన పుల్లకి పదును ఉంటాయి, ఆ రెండూ తెలియాలంటే ముందు రెండు మూడడుగుల దూరంలో డైనమిక్ మైకు ఒకటి, పది అడుగుల దూరంలో కండెన్సర్ జత ఒకటి పెట్టండి. గుంపు కావాలంటే ఒక్కరితో ఎనిమిదిసార్లు వాయించొద్దు, ఒకే చెయ్యి ఒకే డప్పు ఎనిమిదిసార్లు పేరిస్తే గుంపులా వినబడదు. నలుగురైదుగురిని గుండ్రంగా నిలబెట్టి ఒక టేక్, చోట్లు మార్చి ఇంకో టేక్ తీసుకోండి. ఆ టేకుల్ని గ్రిడ్‌కి సరిచేయకండి, ఆ కొద్దిపాటి ముందూ వెనకల్లోనే ఊరేగింపు వినిపిస్తుంది.

మృదంగం. కుడికొకటి, ఎడమకొకటి మైకులు పెట్టి, ఎడమ మైకు ఫేజ్ బటన్ (శబ్దపు అలని తలకిందులు చేసేది) నొక్కి చూడండి, దేనిలో అడుగు నిండుగా ఉంటే అది ఉంచండి. ఎడమ వైపు పెట్టిన రవ్వ ఆరిపోతే నాదం మారుతుంది, గంటకోసారి ఆగి శ్రుతీ రవ్వా రెండూ చూసుకోమని చెప్పండి. లేకపోతే ఉదయం తీసిన టేక్, సాయంత్రం తీసిన టేక్ అతకవు.

వేణువు. మైకు నోటికి ఎదురుగా వద్దు, నుదుటి ఎత్తులో, అడుగున్నర దూరంలో, కిందికి చూసేలా పెట్టండి.

తీగవాద్యాలు. పెద్ద సెక్షన్‌కి డబ్బు లేకపోతే ఇద్దరు వయొలిన్, ఒక వయోలా, ఒక చెల్లో పిలిచి మూడు పొరలు తీయండి. ప్రతి పొరకీ కుర్చీలు మార్చండి, వయొలిన్ల భాగాలు ఒకరివి ఒకరికి ఇవ్వండి, మైకుని ఒకటి రెండు అడుగులు వెనక్కి జరపండి. దాని అడుగున శాంపిల్ స్ట్రింగ్స్ తక్కువ లెవెల్లో ఉంచండి: కమాను రాపిడి మనుషులది, లావు శాంపిల్‌ది. శాంపిల్ లెగాటో పాచ్‌లు (స్వరం నుంచి స్వరానికి తెగకుండా సాగేవి) చాలావరకు వంద మిల్లీసెకన్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ ఆలస్యంగా పలుకుతాయి, ట్రాక్ డిలేలో అంత వెనక్కి లాగకపోతే మనుషులే తొందరపడ్డట్టు అనిపిస్తుంది.

క్లిక్ (వాయించేవాళ్ల హెడ్‌ఫోన్లో మోగే తాళం టిక్) సంగతి కూడా. నెమ్మదైన క్యూ చివరి స్వరం గాలిలో కలిసిపోతున్నప్పుడు హెడ్‌ఫోన్‌లోంచి టిక్ టిక్ మైకులో పడుతుంది. చివరి రెండు బార్లలో క్లిక్ వాల్యూమ్ తగ్గేలా, ఆఖరి స్వరం మీద ఆగిపోయేలా ఆటోమేషన్ ముందే రాసి ఉంచండి.

8. గొంతులు

ఆర్ఆర్‌లో హమ్మింగులు, కోరస్, శ్లోకాలు ఉంటాయి, పాటలకీ ఇదే పద్ధతి. మైకుకి 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరం, మధ్యలో పాప్ ఫిల్టర్. మన ఒత్తక్షరాలు, భ, ఘ, ధ, ఫ, గాలి గట్టిగా వదులుతాయి, మైకుని నోటికి కొంచెం పక్కకి తిప్పితే సగం తగ్గుతుంది. పాడేవాళ్ల హెడ్‌ఫోన్లో శ్రుతి స్పష్టంగా వినపడాలి, తాళం మరీ గట్టిగా ఉండకూడదు. వేరే భాష గాయనీ గాయకులైతే గీత రచయితనో, తెలుగు గట్టిగా వచ్చిన అసిస్టెంటునో పక్కన కూర్చోబెట్టండి, ళ, ణ, శ, ష దగ్గర ఆపి అప్పటికప్పుడే సరిచేయించాలి. తర్వాత ఏ ప్లగిన్‌తోనూ "లేళ్లు" అని పలికించలేరు.

పిచ్ సరిచేసేటప్పుడు వేగంగా స్వరానికి లాగేసే ఆటోమేటిక్ సెట్టింగు వాడితే గమకం చచ్చిపోతుంది. ఊగుతున్న స్వరానికి ఊగడమే దాని రూపం, మధ్య స్వరాల్లోకి వెళ్లొస్తేనే అది రాగం. నిలకడగా పట్టుకున్న స్వరం కిందికి జారితే దాన్ని మాత్రం చేత్తో పైకెత్తండి, మిగతావి వదిలేయండి. రెండు టేకుల మధ్య ఎంచుకోవాల్సి వస్తే భావం ఉన్నదే తీసుకోండి, శ్రుతి కొంచెం తగ్గినా సరే.

9. దూరంగా ఉన్న ఆర్కెస్ట్రా

చెన్నైలో తీగవాద్యాల వాళ్లకి సినిమా పని తరతరాల అలవాటు, గమకం ఎలా వంగాలో నోటితో పాడి చూపిస్తే పట్టుకుంటారు. బుడాపెస్ట్, స్కోప్యే లాంటి చోట్ల పెద్ద ఆర్కెస్ట్రాలతో ఆన్‌లైన్లో కూర్చుని రికార్డు చేయించుకోవడం కూడా ఇప్పుడు మామూలైంది. మన సమయానికి వాళ్లు వేసవిలో మూడున్నర, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక ఉంటారు. అక్కడ గడియారం డబ్బు తింటుంది కాబట్టి నొటేషన్, క్లిక్, టెంపో మ్యాప్, డెమో స్టెమ్స్ అన్నీ ముందే వెళ్లాలి. వాళ్లు రాసింది రాసినట్టు వాయిస్తారు, రాయని వంపు వాయించరు. అందుకని గమకాలున్న ట్యూన్ మన వీణకో వేణువుకో వయొలిన్ విద్వాంసుడికో వదిలి, వాళ్ల చేత పక్కా హార్మొనీ, పెద్ద తెరలా పరుచుకునే భాగాలు వాయించుకోవడం మంచిది.

10. మిక్స్, స్టెమ్స్

మీ స్పీకర్ల వాల్యూమ్ నాబ్ మీద ఒక గుర్తు పెట్టుకుని దాన్ని కదపొద్దు. థియేటర్ మిక్స్ గదుల్లో మైనస్ 20 డీబీ పింక్ నాయిస్‌కి (పరీక్షకి వాడే హోరు శబ్దానికి) ఒక్కో ముందు స్పీకరూ 85 డీబీ పలికేలా సర్దుతారు. చిన్న గదిలో అంత అక్కర్లేదు, 76 నుంచి 79 మధ్య చాలు. రోజూ అదే లెవెల్లో, డైలాగు ఎప్పుడూ ఆన్‌లో పెట్టుకుని వింటే ఏది ఎక్కువైందో చెవికే తెలుస్తుంది.

స్టెమ్స్ ఇచ్చేటప్పుడు మాస్టర్ మీద లిమిటర్ (శబ్దం ఒక హద్దు దాటకుండా నొక్కేది) తీసేయండి. అన్ని స్టెమ్స్ ఒకే టైమ్‌కోడ్ దగ్గర మొదలై, ఒకే పొడవు ఉండి, ముందు బీప్‌తో ఉండాలి. కొత్త సెషన్లో అన్నీ పేర్చి, మీ పూర్తి మిక్స్‌ని ఫేజ్ తిప్పి కలిపి వినండి. నిశ్శబ్దం వస్తే ఏదీ తప్పిపోలేదని అర్థం. 5.1 లో ఇస్తుంటే సెంటర్ స్పీకర్ని దాదాపు డైలాగుకే వదిలేయండి. బూమ్‌లు తప్ప ఎల్ఎఫ్ఈ (అడుగు శబ్దాలకే ఉన్న ఛానెల్)లోకి ఏమీ పంపొద్దు.

ట్యూన్ లేని వెర్షన్ ఒకటి, తాళం లేని వెర్షన్ ఒకటి ముఖ్యమైన క్యూలన్నిటికీ అదనంగా తీసి పెట్టండి. ఫైనల్ మిక్స్‌లో దర్శకుడు "ఇక్కడ కొంచెం ఎక్కువైంది" అన్నప్పుడు ఇంజినీరు మ్యూజిక్ మొత్తం తగ్గించేయకుండా ఒక్క పొర తీసేస్తారు, మీ క్యూ బతుకుతుంది.

ఓటీటీకి లెవెల్ లెక్కలు వేరుగా ఉంటాయి. నెట్‌ఫ్లిక్స్ అయితే డైలాగు కొలతలో సగటు మైనస్ 27 అడుగుతుంది. అది ఫైనల్ మిక్స్ ఇంజినీరు చూసుకుంటారు, మీ స్టెమ్స్ నలిగిపోకుండా ఉంటే చాలు. ఓఎస్‌టీ (వినడానికి విడిగా వచ్చే సినిమా సంగీతం ఆల్బమ్)గా విడుదల చేసే ట్రాకులకి మాత్రం విడిగా మిక్స్, మాస్టరింగ్ చేయించండి.

11. కట్ మారినప్పుడు

మారుతుంది. ఎడిటర్ దగ్గర్నుంచి ఏ సీన్లో ఎన్ని ఫ్రేములు పోయాయో చెప్పే జాబితా తీసుకోండి, కొత్త వీడియో మాత్రమే పంపితే ఒప్పుకోవద్దు. కోయాల్సి వస్తే బార్ల దగ్గరే కోయండి, మిగిలిన తేడాని టెంపోలో సర్దండి, ఒకటి రెండు శాతం మార్పు ఎవరికీ తెలియదు. అప్పటికే మనుషులు వాయించిన క్యూ అయితే సాగదీయడం కంటే, తాళం లేని చోట ఒక పొడుగు స్వరాన్ని తగ్గించడమో పెంచడమో మేలు.

ఫైనల్ మిక్స్‌కి తప్పకుండా వెళ్లి కూర్చోండి. మీ సెషన్లన్నీ ఒక డ్రైవ్‌లో తీసుకెళ్లండి. మొదటి రీలు పూర్తిగా విన్నాకే మాట్లాడండి, ఆ గదిలో ఇంజినీరు డైలాగు, ఎఫెక్ట్స్, సంగీతం మూడింటినీ మోస్తున్నారు. "మ్యూజిక్ పెంచండి" అనకుండా "4ఎం1లో చెల్లో వినపడాలి, కావాలంటే ప్యాడ్ తీసేయండి" అని చెబితే ఆయనకి పని తేలికవుతుంది, మీకు కావలసింది దొరుకుతుంది.

12. కాగితాలు, కాపీలు

సినిమా అయిపోయిన వారంలోనే క్యూ షీట్ పూర్తి చేయండి: క్యూ పేరు, ఎంతసేపు, ఎవరు స్వరపరిచారు, పాటయితే రాసినవారెవరు. 1969లో మొదలైన ఐపీఆర్ఎస్ (స్వరకర్తలకీ గీత రచయితలకీ రాయల్టీ వసూలు చేసిపెట్టే సంస్థ)లో సభ్యత్వం లేకపోతే తీసుకోండి. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ ప్రకారం, సినిమాని థియేటర్లో ఆడించడం కాకుండా మిగతా వాడకాలకి వచ్చే రాయల్టీలో సంగీత దర్శకుడికీ గీత రచయితకీ సమాన వాటా హక్కు ఉంది, దాన్ని నిర్మాతకి రాసిచ్చేయడానికి చట్టం ఒప్పుకోదు. అగ్రిమెంటు మీద సంతకం పెట్టే ముందు లాయరుకి చూపించండి.

సెషన్లకి మూడు కాపీలు ఉండాలి, రెండు వేర్వేరు డ్రైవుల్లో, ఒకటి ఇంట్లో కాకుండా బయట. శాంపిల్ వాద్యాలన్నిటినీ ఆడియోగా మార్చి కూడా దాచండి, కొన్నేళ్ల తర్వాత ఆ ప్లగిన్ తెరుచుకోకపోవచ్చు. వాయించిన ప్రతి కళాకారుడి పేరూ, సరైన స్పెల్లింగుతో, టైటిల్స్ చేసే వాళ్లకి వారం ముందే పంపండి, అందిందని వాళ్లు జవాబిచ్చేదాకా అడగండి.